చీకట్లో చెయ్యి పెడితే దొరకాలి: చిన్న ఫైబర్ బోటు సర్దుకునే పద్ధతి

కాకినాడ నుంచి హోప్ ఐలాండ్ దాటి వేటకెళ్ళిన ఒక రాత్రి మా చిన్నాన్న బోటు ఇంజిన్ ఉన్నట్టుండి ఆగిపోయింది. ఫ్యాన్‌కి, అంటే నీళ్ళలో తిరిగే ఇంజిన్ రెక్కలకి, పాత వల ముక్క చుట్టుకుంది. కోసి తీస్తే ఐదు నిమిషాల పని. "కత్తేదిరా?" అని ఆయన అరిచారు. నలుగురం వెతికాం. ఐస్ పెట్టె వెనక లేదు, పెట్రోలు క్యాన్ల దగ్గర లేదు. చివరికి తడిసిన వల కింద, చద్దన్నం క్యారేజీకి ఆనుకుని దొరికింది. ఈలోపు బోటు కెరటానికి అడ్డం తిరిగింది. రెండు కెరటాలు లోపలికొచ్చి పడ్డాయి. నీళ్లు తోడదామంటే తోడే డబ్బా కూడా కనపడలేదు.

ఆ రాత్రి ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ఆ ఏడాది వేట నిషేధంలో చిన్నాన్న బోటు మొత్తం ఖాళీ చేయించి, కొత్తగా సర్దించారు. మొదటి నుంచి చివరిదాకా ఆ పనిలో నేనున్నాను. తర్వాత మా రేవులో ఇంకొన్ని బోట్లు సర్దడానికి చెయ్యి వేశాను. 28 నుంచి 32 అడుగుల ఫైబర్ బోటు, వెనక ఒక ఔట్‌బోర్డు ఇంజిన్, నలుగురైదుగురు మనుషులు ఉంటే ఈ పద్ధతి సరిపోతుంది. తెప్పకైనా, నావకైనా ఇందులో చాలా భాగం పనికొస్తుంది.

లెక్క ఒక్కటే. ఏ వస్తువైనా చీకట్లో, ఒక చెయ్యి బోటు అంచు పట్టుకుని ఉండగా రెండో చేతికి దొరకాలి. కింద చెప్పే ప్రతి పనీ దానికోసమే.

ఎప్పుడు మొదలుపెట్టాలి

మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు ఇంజిన్ బోట్లకు వేట నిషేధం. ఎలాగూ బోటు ఒడ్డు మీదే ఉంటుంది, ఎండ బాగా ఉంటుంది, కడిగినవి గంటలో ఆరిపోతాయి. అప్పటిదాకా ఆగలేకపోతే తుఫాను హెచ్చరిక ఇచ్చి సముద్రంలోకి వెళ్ళొద్దన్న రోజులు కాకుండా, అవి తగ్గి ఎండ కాసిన రోజు చూసుకోండి. రెండు పూర్తి రోజులు పడుతుంది. ఒక్క రోజులో అయిపోవాలని తొందర పెట్టుకుంటే సగం వస్తువులు మళ్ళీ ఉన్నచోటికే చేరతాయి.

పని మొదలయ్యే ముందు బోటులో వేటకెళ్ళే అందరినీ పిలవండి. ఓనరు ఒక్కడే కూర్చుని సర్దితే, ఏది ఎక్కడుందో ఆయన ఒక్కడికే తెలుస్తుంది. వల వేసేవాడికి ఏం అడ్డమొస్తుందో వాడికే తెలుసు, ఇంజిన్ దగ్గర కూర్చునేవాడి ఇబ్బంది వాడికే తెలుసు.

మొదటి పని: అంతా ఒడ్డు మీదికి

ఒక పెద్ద టార్పాలిన్ ఇసుక మీద పరిచి, బోటులో ఉన్న ప్రతి వస్తువూ దాని మీదికి దించండి. అడుగున పరిచిన చెక్కలు కూడా లేపండి. ఆ చెక్కల కింద ఏముంటాయో చూస్తే మీకే ఆశ్చర్యం వేస్తుంది. మా చిన్నాన్న బోటులో తుప్పుపట్టిన రెండు స్పానర్లు, కాలిపోయిన ఆరు స్పార్క్ ప్లగ్గులు, మూత లేని ఖాళీ ఆయిల్ డబ్బాలు, తెగిన తాడు ముక్కలు, గుప్పెడు సీసం గుళ్ళు, ఎవరిదో ఒంటి చెప్పు బయటపడ్డాయి. ఇవన్నీ ప్రతి వేటకీ మనతో పాటు పెట్రోలు ఖర్చు పెట్టించుకుంటూ తిరిగొస్తున్నాయి.

ఇప్పుడు మూడు కుప్పలు చేయండి. మొదటిది ప్రతి వేటకీ కావలసినవి. రెండోది పనికొచ్చేవే కానీ రోజూ అక్కర్లేనివి. ఇవి ఇంటికో, ఒడ్డు మీద షెడ్డుకో పోతాయి. మూడోది పారేసేవి.

"ఎందుకైనా మంచిది, ఉండనీ" అనే మాట ఇక్కడ పది సార్లు వినపడుతుంది. అన్న మనిషిని ఒక్కటే అడగండి: పోయిన సీజన్లో ఇది ఎప్పుడు వాడాం? జవాబు రాకపోతే అది రెండో కుప్పలోకి. ప్రాణాలకు సంబంధించినవి మాత్రం ఈ ప్రశ్నకి అతీతం. లైఫ్ జాకెట్ ఇరవై ఏళ్ళు వాడకపోయినా బోటులోనే ఉండాలి.

అన్నిటికంటే కష్టం పాత వలల దగ్గరే. వల మీద మనకు మమకారం ఉంటుంది. ఎన్ని రాత్రులు కూర్చుని కట్టుకున్నామో, ఎన్ని చిరుగులు కుట్టుకున్నామో గుర్తుంటుంది. అయినా చూడండి: కన్ను (వల గడి) చేత్తో లాగితే తెగిపోతున్న వల, ఎండకి పెళుసెక్కిన తంగుసు వల బోటులో ఉండకూడదు. బాగున్న బెండ్లు (వలని తేల్చేవి), సీసం గుళ్ళు (వలని ముంచేవి), తాడు ఊడదీసి దాచుకుని మిగతాది పాత ప్లాస్టిక్ కొనేవాళ్ళకి ఇచ్చేయండి. సముద్రంలో మాత్రం వదలొద్దు. నైలాన్ కుళ్ళదు. నీటిలో తిరుగుతూ ఏళ్ళ తరబడి చేపల్నీ తాబేళ్ళనీ పట్టి చంపుతూనే ఉంటుంది. ఆ రాత్రి మా ఫ్యాన్‌కి చుట్టుకున్నది కూడా ఎవరో అలా వదిలేసిన ముక్కే.

ఖాళీ బోటుని మంచినీళ్ళతో, సబ్బుతో కడగండి. ఆరాక ఫైబర్ మీద పగుళ్ళు, లేచిన మేకులు, వదులైన బోల్టులు చూసుకోండి. వల రాసుకునే చోట ఒక్క మేకు తల బయటికి ఉన్నా ఈ రోజే కొట్టేయండి.

రెండో పని: సుద్దముక్కతో చోట్లు గీయడం

వస్తువులు ఎక్కించేముందు ఖాళీ బోటులో సుద్దముక్కతో చోట్లు గీయండి. అణియం (బోటు ముందు భాగం) వైపు లంగరు, దాని తాడు. నడుమ వల, చేపలు, ఐస్. అమరం (వెనక భాగం) వైపు ఇంజిన్, ఇంధనం, పనిముట్లు. ఎవరి బోటు తీరును బట్టి వాళ్ళు మార్చుకోవచ్చు కానీ రెండు విషయాల్లో రాజీ పడొద్దు.

ఒకటి, బరువు కిందికి, నడుమకి ఉండాలి. ఐస్ పెట్టె, మంచినీళ్ళ క్యాన్లు, తడి వల అడుగు చెక్కలకి ఆనుకునే ఉండాలి. ఎత్తులో పేర్చిన బరువు బోటుని తూలిస్తుంది. కుడి ఎడమలు సమానంగా ఉన్నాయో లేదో తెలుసుకోవడానికి త్రాసు అక్కర్లేదు. నిలకడ నీళ్ళలో బోటుని వదిలి దూరం నుంచి చూడండి, ఒక పక్కకి ఒరిగితే కనపడిపోతుంది.

రెండోది, కదిలే బరువు బోటులో ఉండకూడదు. కెరటం ఒరిగించినప్పుడు క్యాన్లు, పెట్టెలు అటే జారితే ఒరుగు ఇంకా పెరుగుతుంది. అడుగున చేరిన నీళ్ళు కూడా అంతే, బోటు ఎటు వంగితే అటే పరుగెత్తుతాయి. అందుకే ప్రతి పెట్టెకీ ఒక కట్టు, అడుగున నీళ్ళు తోడే చోటికి అడ్డం లేని దారి ఉండాలి. తోడే డబ్బాని రెండు మూరల తాడుతో అక్కడే కట్టేయండి. ఎంత పెద్ద కెరటం వచ్చినా అది కొట్టుకుపోదు.

మూడో పని: వల

బోటులో ఎక్కువ చోటు వలదే, ఎక్కువ ప్రమాదమూ దానిదే. ఇక్కడ తీరిగ్గా ఆలోచించండి.

ముందుగా, ఆ రాత్రికి కావలసిన వలే ఎక్కించండి. కవ్వళ్ళ వల, కోనెం వల, ఇంకొకటి, అన్నీ ఉంటే ఏది దొరికితే అది పట్టొచ్చని అనిపిస్తుంది. కానీ రెండు రకాల కన్నులున్న వలలు ఒకే చోట పడితే ఒకదానిలో ఒకటి చిక్కుకుని తెల్లవారేదాకా విప్పుకోవాలి. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ చేపలు దొరికే అవకాశమున్న చోట్ల గురించి, కెరటాల ఎత్తు, గాలి గురించి తెలుగులో కూడా సమాచారం ఇస్తుంది. అది చూసుకుని, నిన్న వెళ్ళొచ్చిన బోటు వాళ్ళని అడిగి, ఏ వల అన్నది ఒడ్డు మీదే తేల్చుకోండి.

వల పేర్చేటప్పుడు బెండ్ల తాడు ఒక పక్కకి, గుళ్ళ తాడు రెండో పక్కకి రావాలి. మధ్యలో వల వదులుగా మడత మీద మడత పడాలి. ఒకరు బెండ్ల వైపు, ఒకరు గుళ్ళ వైపు నిలబడి పేరిస్తే ఇది దానంతటదే వస్తుంది. ఒక్కరే పేరిస్తే గుళ్ళు కన్నుల్లోంచి దూరి అవతలికొస్తాయి, వేసేటప్పుడు ముడి పడుతుంది. ముందు నీళ్ళలోకి వెళ్ళవలసిన కొస పైకి ఉండాలి. దానికి ఒక ఎర్ర గుడ్డ పీలిక కట్టండి. చిరుగులు కుట్టడానికి ఒడ్డుకి దించి మళ్ళీ ఎక్కించిన రోజున కొసలు తారుమారవుతుంటాయి. పీలిక చూసుకుంటే ఆ గొడవ ఉండదు.

వల కుప్ప చుట్టూ చేతికి ఒక జానెడు ఖాళీ వదిలి, దాని మీద గానీ పక్కన గానీ ఏ వస్తువూ పెట్టనివ్వొద్దు. గేలాల డబ్బా అసలే వద్దు. గేలాలు అట్టముక్కకి గానీ థర్మోకోల్ పలకకి గానీ గుచ్చి, మూత ఉన్న డబ్బాలో పెట్టి ఆ డబ్బాని అమరం వైపు ఉంచండి.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన మాట. వల పోతున్నప్పుడు మనిషి ఎక్కడ నిలబడాలో కూడా సుద్దతో గీయండి, తర్వాత దాన్నే పెయింటుతో వేయండి. పోతున్న తాడు మడతలో కాలు పడితే మనిషి తాడుతో పాటు వెళ్ళిపోతాడు. నిలబడే చోట తాడు చుట్ట, చెప్పు, చేప, ఏదీ ఉండకూడదు. జారకుండా గరుకు పెయింటు వేసుకోవచ్చు. పెయింటు తడిగా ఉండగానే దాని మీద పొడి ఇసుక చల్లితే అదే గరుకవుతుంది.

ఒడ్డుకొచ్చాక వల మీద టార్పాలిన్ కప్పండి. ఎండ నైలాన్‌ని తినేస్తుంది. వల ఇంటి దగ్గర ఉంచితే ఎలుకలు అందనంత ఎత్తులో దండెం మీద వేలాడదీయండి.

నాలుగో పని: లంగరు, తాళ్ళు

లంగరు తాడు అణియంలో చిల్లులున్న ప్లాస్టిక్ ట్రేలో ఉండాలి. చిల్లులుంటే నీరు కారిపోతుంది, తాడు కుళ్ళు వాసన రాదు. తాడు చివరి కొస బోటుకి కట్టి ఉందా అని ముందు చూసుకోండి. లంగరు వేశాక తాడు మొత్తం జారి నీళ్ళలోకి పోయిన బోట్లు ఉన్నాయి.

ఎంత తాడు కావాలి? నీటి లోతుకి మూడు రెట్లు కనీసం, గాలి బలంగా ఉంటే ఐదు రెట్లు. పది బారలకొక గుడ్డ పీలిక కట్టుకుంటే ఎంత వదిలామో చీకట్లో చేత్తో తడిమి చెప్పొచ్చు. నీటి మీద తేలే ప్లాస్టిక్ తాడు లంగరుకి వాడొద్దు, వదులైనప్పుడు పైకి తేలి ఫ్యాన్‌కి చుట్టుకుంటుంది. లంగరు కొక్కేలు బోటు లోపలి వైపుకి ఉండకుండా తిప్పి కట్టేయండి.

మిగతా తాళ్ళు పొడవుని బట్టి మూడు చుట్టలు చాలు. ఒక్కో చుట్టని వేరు వేరు మేకులకి తగిలించండి. చిన్న ముక్కలు దాచుకోవద్దు.

ఐదో పని: ఇంధనం, పనిముట్లు

పెట్రోలు ఆవిరి గాలి కన్నా బరువు. క్యాన్ మూత వదులుగా ఉంటే ఆ ఆవిరి అడుగు చెక్కల కింద చేరి అక్కడే నిలిచిపోతుంది. పైకి వాసన తగలకపోవచ్చు కూడా. అందుకే క్యాన్లు గాలి ఆడే చోట, అమరం వైపు, పట్టీతో బిగించి ఉండాలి. బ్యాటరీ, పొయ్యి, అగ్గిపెట్టె వాటికి వీలైనంత దూరం. రెండు రోజుల వేటకెళ్ళేవాళ్ళు గ్యాస్ పొయ్యి తీసుకెళ్తే సిలిండర్ నిలువుగా కట్టి, వంట అయిన వెంటనే వాల్వు మూయాలి. ఫైబర్ అంటుకుంటే నల్లటి పొగతో నిమిషాల్లో వ్యాపిస్తుంది. 2023 నవంబరు 19 రాత్రి విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో మంటలు ఒక బోటు నుంచి ఇంకో బోటుకి అంటుకుని పదుల బోట్లు కాలిపోవడం మనం కళ్ళారా చూశాం. ఒక్కో బోటు ఒక్కో ఇంటి బతుకు. అందుకే ఒడ్డుకొచ్చాక మిగిలిన పెట్రోలుని, సిలిండర్‌ని బోటులో వదిలి ఇంటికి పోవద్దు.

పనిముట్లకి ఒక్క డబ్బా చాలు, గట్టి మూత ఉన్నది. ప్లగ్ స్పానర్, రెండు కొత్త ప్లగ్గులు, స్టార్టింగ్ తాడు, కటింగ్ ప్లేయరు, స్క్రూ డ్రైవరు, ఇన్సులేషన్ టేపు, కొంచెం బైండింగ్ వైరు, మీ ఇంజిన్‌కి ఫ్యాన్ పిన్ను ఉంటే రెండు పిన్నులు. అంతే. పనిముట్లకి గ్రీజు రాసి పాత బనియన్ గుడ్డలో చుడితే తుప్పు పట్టవు. బ్యాటరీని బోటు అడుగున చేరే నీళ్ళు అందని ఎత్తులో పెట్టి, టెర్మినల్స్‌కి కూడా గ్రీజు రాయండి.

ఆరో పని: ప్రాణాల డబ్బా

లైఫ్ జాకెట్లు వల కింద, ఐస్ పెట్టె వెనక ఉండటం చాలా బోట్లలో చూశాను. కొందరు వాటి మీద కూర్చుంటారు, తలగడగా వాడతారు. లోపలి ఫోమ్ నలిగి తేలే శక్తి పోతుంది. ఒక్కొక్కటి వేసుకుని ఒడ్డు దగ్గర నడుం లోతు నీళ్ళలో దిగి చూడండి. నిలబెట్టలేనిది మార్చేయండి. బోటు లోపలి అంచు వెంట ఒక్కో మనిషి కూర్చునే చోట ఒక్కొక్కటి తగిలించండి. గాలి లేచిన రోజున, రాత్రి పూట మాత్రం అవి ఒంటి మీదే ఉండాలి.

ఇక ఒక నారింజ రంగు డ్రమ్ము, మర మూతది, పదిహేను ఇరవై లీటర్లది కొనండి. అందులో టార్చి, విడి బ్యాటరీలు, ఈల, చిన్న అద్దం, నీళ్ళు తగలని కవరులో అగ్గిపెట్టె, ఫస్ట్ ఎయిడ్ సామాన్లు, ఆపదలో వెలిగించే ఎర్ర మంట ఫ్లేర్లు, గుర్తింపు కార్డుల జిరాక్సులు పెట్టండి. ఫ్లేర్ల మీద గడువు తేదీ ఉంటుంది, చూసుకోండి. బోటు మునిగినా ఆ డ్రమ్ము తేలుతుంది. దాన్ని ఒక్క లాగుతో ఊడే ముడితో కట్టండి, గట్టి ముడి వద్దు.

మూత లోపలి వైపు చెరగని ఇంకుతో రెండు మాటలు రాయండి: కోస్ట్ గార్డ్ నెంబరు 1554, ఆపదలో పిలిచే రేడియో వీహెచ్‌ఎఫ్ ఛానల్ 16. టెన్షన్‌లో మనకి మన ఫోను నెంబరు కూడా గుర్తురాదు. ఇస్రో ట్రాన్స్‌పాండర్ (ఉపగ్రహం ద్వారా సందేశాలు పంపే పరికరం) పెట్టించుకున్న బోట్లయితే దాని పైన టార్పాలిన్, వల, బట్టలు ఆరేయకండి. దానికి ఆకాశం కనపడాలి.

కత్తుల సంగతి. రెండు ఉండాలి, ఒకటి అణియంలో, ఒకటి అమరంలో ఇంజిన్ దగ్గర. జానెడు పొడవు పీవీసీ పైపు ముక్క తీసుకుని, కింది కొస వేడిచేసి నొక్కి మూసేసి, నీరు కారడానికి ఒక చిన్న చిల్లు పెట్టి బోటు లోపలి గోడకి బిగించండి. కత్తి అందులో పిడి పైకి ఉండేలా నిలబడుతుంది. పిడికి తెల్ల టేపు చుట్టండి. ఈ కత్తులతో చేపలు కోయకూడదు, ఉల్లిపాయ కూడా కోయకూడదు. వంటకి వేరే కత్తి. మా చిన్నాన్న ఈ ఒక్క విషయంలోనే గట్టిగా కేకలేస్తారు.

చేపలు, ఐస్, మంచినీళ్ళు

ఐస్ పెట్టె బోటు నడుమ, ఇంధనానికి దూరంగా. పెట్రోలు వాసన పట్టిన చేపని వేలంలో ఎవరూ చెయ్యి పెట్టి చూడరు. మన ఎండలకి కిలో చేపకి కిలో ఐస్ అనే లెక్క పెట్టుకోండి. పెట్టె అడుగున కరిగిన నీళ్ళు పోయే చిల్లు మూసుకుపోకుండా చూడాలి, ఆ నీళ్ళలో నానితే చేప మెత్తబడుతుంది. మంచినీళ్ళు ఒకే పెద్ద క్యాన్‌లో కాకుండా రెండు మూడు చిన్న వాటిలో, రెండు చోట్ల కట్టండి. ఒకటి పగిలినా ఒకటి ఉంటుంది. అన్నం క్యారేజీలకి అణియం వైపు నీడలో ఒక సంచి తగిలిస్తే చాలు.

చివరి పరీక్ష

అంతా సర్దాక చీకటి పడేదాకా ఆగండి. లైటు వెయ్యొద్దు. ఒక్కొక్కర్నీ తన చోట కూర్చోబెట్టి, కళ్ళకి తువ్వాలు కట్టి, ఒక వస్తువు పేరు చెప్పండి. కత్తి, టార్చి, తోడే డబ్బా, ప్లగ్ స్పానర్, లైఫ్ జాకెట్. పది లెక్కపెట్టేలోపు చేతికి రావాలి. రాకపోతే మనిషిని తిట్టకండి, వస్తువు చోటు మార్చండి. మా బోటులో తోడే డబ్బా మూడుసార్లు చోటు మారింది. బోటులో చిన్న కుర్రాడి చెయ్యికి కూడా అందితేనే అది సరైన చోటు. అప్పుడు సుద్ద గీతల మీద పెయింటు వేయండి.

తర్వాత రోజూ చేయవలసింది పది నిమిషాల పని. ఒడ్డుకి వచ్చి చేపలు దించాక, ఇళ్ళకి బయల్దేరే ముందు, ఒకరు వల కప్పాలి, ఒకరు అడుగు కడగాలి, ఒకరు పనిముట్ల డబ్బా మూత తీసి లెక్క చూడాలి. ఎవరికి ఏది అన్నది వారం వారం మార్చుకోండి. రాత్రంతా మేలుకుని వచ్చిన ఒంటికి ఇది భారమే, నాకు తెలుసు. కానీ ఆ పది నిమిషాలు ఒక వారం మానేస్తే మేకు మీద తాడుకి బదులు చొక్కా కనపడుతుంది, తర్వాతి వారం పైపులో కత్తి ఉండదు.

జూన్ 14 సాయంత్రం రేవంతా హడావుడిగా ఉంటుంది. కొబ్బరికాయలు కొడతారు, ఐస్ కోసం వరస కడతారు. ఆ హడావుడిలో ఒక్కసారి బోటెక్కి, కళ్ళు మూసుకుని రెండు పైపుల్లోనూ చెయ్యి పెట్టి చూడండి. రెండు పిడులూ తగిలితే, నిషేధం ముగియగానే ఇంజిన్ తాడు లాగండి.